ఆపమన్నప్పుడు ఆపడం

మా మనవరాలు మిన్ను చేపలతో కలిసి ఈదాలనుకుంటోందని కోడలు స్వప్న చెప్పినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. నాకు ఈత రాదు, ఈతిబాధలు మాత్రం చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు. అందుకని మొదట నవ్వాను. తరువాత కత్తిపీట పక్కకు జరిపాను. ఎందుకంటే మిన్ను మామూలు పిల్ల కాదు. స్టీలు పళ్లెం మీద స్టీలు గరిటె గీసుకుంటే గది వదిలి పారిపోతుంది. చొక్కా మెడ వెనుక కంపెనీ పేరున్న చీటీ కత్తిరించకపోతే తొడగదు, కత్తిరిస్తే మిగిలిన ముక్క గుచ్చుకుంటుందంటుంది. చేతులు కడుక్కునేటప్పుడు మోచేతి దగ్గర బట్ట తడిసిందా, ఆ పూట మాకందరికీ గ్రహణమే. అటువంటి తొమ్మిదేళ్ల పిల్ల ఒళ్లంతా పట్టేసే రబ్బరు సూటు తొడుక్కుని, ముఖానికి అద్దం బిగించుకుని, ఉప్పునీళ్ల తొట్టిలోకి దిగుతుందట. అదీ ఎవరో చెబితే కాదు, తనే అడిగిందట. ఊరి బయట కొత్తగా పెట్టిన అక్వేరియంలో అటువంటి ఏర్పాటు ఉందని బడిలో విని వచ్చి, మూడు రోజులు తిండి సరిగ్గా తినకుండా ఆలోచించి, నాలుగో రోజు అమ్మతో చెప్పిందట.

మిన్నుకు థెరపీ చేసే మేడమ్ వద్దనలేదు. ఆరు వారాలు తీసుకోండి, అనుభవాన్ని ముక్కలు చేసి రోజుకొక ముక్క అలవాటు చేయండి, ఏ ముక్కైనా ఎప్పుడు ఆపాలో నిర్ణయం మాత్రం పిల్లదే, ఆపమంటే ఆ క్షణమే ఆపాలి, ఒక్కసారి తప్పితే ఆరు వారాలూ వృథా, అని చెప్పింది. మా అబ్బాయి రవి రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్లో పని చేస్తాడు, స్వప్న ఒక ఆఫీసుకు పోతుంది. పగలంతా ఇంట్లో ఉండేది నేను. కాబట్టి తయారీ బాధ్యత నా మీద పడింది. ఆ రోజు "సరే" అన్నాను గాని, అన్న వెంటనే నా అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాను. వాటికి పాత సంగతి ఒకటి గుర్తుంది.

మా బాల్యమంతా ఈ సూరత్‌లోనే, నవాగామ్‌లో, సాంచాల వెనుక గదిలో గడిచింది. మరమగ్గాలను మేం సాంచాలనే అనేవాళ్లం, ఇప్పటికీ అంతే అంటాం. ఒక సేఠు కార్ఖానాలో పన్నెండు సాంచాలు, వాటిలో నాలుగు మా నాయిన నడిపేవాడు. గోడకు అటు సాంచాలు, ఇటు మా పొయ్యి. గోడ మీద ఆనించిన గిన్నెలు పగలూ రాత్రీ వాటంతట అవే గజగజలాడుతుండేవి. యంత్రాల నూనె, వేడెక్కిన బెల్టు పట్టా, అమ్మ కాల్చే జొన్నరొట్టె, ఈ మూడూ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. అమ్మ చర్ఖా మీద నూలు కండెలు చుడుతూ వంట చూసేది. నాయిన పని దిగి వచ్చి మీసాల్లోని నూగు దులుపుకుని, సాసరులో చాయ్ పోసుకుని, మేం ముగ్గురం పక్కనే కూర్చున్నా పక్క వీధి వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఆయన తప్పు కాదు. సాంచాల ఇళ్లలో మెల్లగా మాట్లాడటమనే విద్య లేదు. పోగుల పని చేసి మేం పోగేసుకున్నదేమీ లేదు, పోగొట్టుకున్నది వినికిడి. నా కుడిచెవి ముందుగా రిటైరయింది, ఎడమచెవి యంత్రం సాయంతో ఇంకా డ్యూటీ చేస్తోంది.

కార్ఖానాలో అసలు గొంతుతో పని లేదు. అక్కడ అందరూ పెదవులతో, చేతులతో మాట్లాడుకునేవారు. పోగు తెగిందంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒకటి, సేఠు వస్తున్నాడంటే పొట్ట మీద చేయి గుండ్రంగా తిప్పడం. రెండు మణికట్లు అడ్డంగా కలిపి తల మీదికెత్తితే సాంచా ఆపమని. పది సాంచాల అవతల ఉన్న మనిషి ఏమంటున్నాడో పెదవులు చూసి చెప్పేదాన్ని నేను. బడిలో మాత్రం వెనుక బెంచీలో కూర్చుని పంతులు గారి పెదవులు చదివి పక్కవాళ్లకు ముందే నవ్వొచ్చేలా చెబుతానని గోడకుర్చీ వేయించుకున్నాను.

నాకు మూడేళ్లు చిన్నది సరళ, మా చెల్లె. మా వాళ్లలో పసిపిల్లల ఊయల కార్ఖానా దూలానికే కట్టే అలవాటు ఉండేది. తల్లి కండెలు చుడుతూ కాలితో ఊపుతుంది, పిల్ల ఆ చప్పుడులోనే నిద్రపోతుంది. ఆ పిల్లలకు తరువాత కరెంటు పోతేనే మెలకువ వచ్చేది. నా ఊయల అక్కడే కట్టారు. సరళ మాత్రం అమ్మ కాన్పుకు ఊరికి పోయినప్పుడు కరీంనగర్ దిక్కు పల్లెలో పుట్టి, ఏడాది దాటాక సూరత్ వచ్చింది. వచ్చిన రోజు నుంచీ చెవులు మూసుకునే ఉంది. నూలు వ్యర్థం ఉండలు చేసి చెవుల్లో కుక్కుకుని మంచం కింద కూర్చునేది. కొత్త బట్ట తొడిగితే ఒళ్లు రక్కుకునేది. వారానికొకరోజు సాంచాలకు సెలవు. ఆ రోజు మాత్రం మంచం కింది నుంచి వచ్చి, ఆరు రోజుల మాటలు ఒక్కరోజులో మాట్లాడేది. ఎన్ని మాటలని! చీమల పెళ్లి, ఆకాశంలో చాయ్ దుకాణం, నాయిన మీసాల్లో కాపురముండే పిట్టలు. మిగిలిన రోజుల్లో దానితో పెదవులతో మాట్లాడగలిగేది నేనొక్కదాన్నే.

దానికి ఎనిమిదేళ్లు వచ్చాయి. కండెలు చుట్టడానికి కార్ఖానాలోకి రావలసిన వయసది. మా నాయినమ్మ తీర్పు చెప్పింది.

"గిది ఊర్ల పుట్టింది, ఊయల్నాడు సాంచా సప్పుడు సొరలేదు దీని చెవుల. గందుకే గిట్లయింది. ఒక్కపారి నడుమ కూసోవెట్టి పన్నెండూ సురువు జెయ్యుండ్రి. సప్పుడు లోపలికి వోతే మళ్ల ఎన్నడు బాధవెట్టది."

"పిల్ల బెదురుతదేమో," అన్నది అమ్మ.

"సాంచాల ఇంట్ల పుట్టి సాంచాకు బెదిరితే ఎట్ల బతుకుతది?" అన్నాడు నాయిన. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం నాకు చాలా ఏళ్ల తరువాత అర్థమయింది. తరువాత నా వైపు తిరిగాడు. "నువ్వు పట్టుకో బిడ్డా. అక్క పట్టుకుంటె అది బెదరది. ఒక్క నిమిషమే."

నాకు పదకొండేళ్లు. అంత పెద్ద పని నాకు అప్పగించినందుకు గర్వపడ్డాను కూడా. అబద్ధమెందుకు? మధ్యాహ్నం పూట, నడుమ దారిలో పీట వేసి సరళను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని దాని రెండు మణికట్లూ ఒడిలో అదిమి పట్టుకున్నాను. అవతలి చివర నుంచి ఒక్కో సాంచా మొదలైంది. ఐదోది మొదలయ్యేసరికి సరళ నోరు తెరిచింది. అరుపు ఎవరికీ వినబడలేదు. నాకూ వినబడలేదు. కాని నేను పెదవులు చదవగలను కదా. "అక్కా, ఇడువు. అక్కా, ఇడువు." ఎన్నిసార్లో అన్నది. చదివాను. వదల్లేదు. నాయిన ఒక్క నిమిషం అన్నాడు, నిమిషం ఇంకా కాలేదనుకున్నాను. పన్నెండూ నడిచాక అది అరవడం మానేసింది, నాయిన తల ఊపాడు, పని అయిపోయిందనుకున్నాం.

ఆ వారం సెలవు రోజున సరళ మంచం కింది నుంచి రాలేదు. తరువాతి వారమూ రాలేదు. దాని మాటన్నది ఇంట్లో వినబడలేదు. పెదవులతోనైనా నాతో మాట్లాడలేదు. వేసవి వచ్చేలోగా దాన్ని ఊళ్లో మేనత్త దగ్గరికి పంపేశారు. అక్కడ సాంచాలు లేవు. అక్కడే బీడీలు చుట్టడం నేర్చుకుంది, మెల్లగా మాటా తెచ్చుకుంది, పెళ్లయింది, ఇద్దరు కొడుకులు. పది రోజులకొకసారి ఫోనులో వానల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఆ మధ్యాహ్నం గురించి మేమిద్దరం ఇన్నేళ్లలో ఒక్కమాటా అనుకోలేదు.

ఇదంతా స్వప్నకు నేను చెప్పలేదు. చెబితే మిన్నును నా చేతికి ఇస్తుందా? అదీ నా భయం. అలాగని ఇచ్చినందుకు ధైర్యమూ లేదు.

మొదటి వారం తయారీ పిల్లకు కాదు, నాకు జరిగింది. నేను మెల్లగా చెప్పాననుకున్న ప్రతి మాటకూ మిన్ను చెవులు మూసుకుని, "నానమ్మా, ధీమే! నీ వాల్యూమ్ చాలా జ్యాదా ఉంది," అనేది. ధీమే అంటే ఈ ఊరి భాషలో మెల్లగా. నాకు తెలిసిన మెల్లగా వేరు, దానిది వేరు. చివరికి గొంతు వదిలేసి చేతులు మొదలుపెట్టాను, కార్ఖానా సైగలు. మిన్ను కళ్లు ఇంతింతయ్యాయి. చప్పుడు లేని భాష ఒకటి ఇంట్లోనే ఉంచుకుని ఇన్నాళ్లూ చెప్పలేదేమని నన్ను తిట్టింది, ఆ తిట్టడం కూడా చేతులతోనే. మణికట్లు అడ్డం పెట్టే సైగ దానికి అన్నిటికంటే నచ్చింది. హోంవర్కు ఆపమనడానికి రోజుకు పదిసార్లు వాడింది.

రబ్బరు సూటు రెండో వారంలోనే తెప్పించాం. లోపలి కుట్లు గుచ్చుకుంటున్నాయంటే తిరగేసి తొడిగాను, కుట్లన్నీ బయటికి. చూడటానికి ఒలిచిన చేపలా ఉంది. మొదటి రోజు ఒక చేయి, రెండో రోజు రెండు చేతులు. బకెట్లో ఉప్పు కలిపి, వేళ్లు, తరువాత మోచేయి. ముఖం మీది అద్దం అన్నిటికంటే కష్టం. దాని పట్టీ జుట్టును లాగుతుందని దగ్గరికి రానివ్వలేదు. అందుకని నేనే తగిలించుకుని బెండకాయలు తరిగాను. పక్కింటి గుజరాతీ అక్క, బెన్ అంటాం, పెరుగు తోడు కోసం వచ్చి, నన్ను చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. మర్నాడు స్వప్నను మాత్రం అడిగిందట, మీ అత్తమ్మకు ఉల్లిపాయలకే కాదు, బెండకాయలకు కూడా కళ్లు మండుతాయా అని. నాలుగో వారానికి మిన్ను అద్దాన్ని ఒక నిమిషం పెట్టుకోగలిగింది. ప్రతిసారీ ఇంకొక్క పది సెకన్లు ఉండమని నా నాలుక చివరిదాకా వచ్చేది. అది మణికట్లు కలపగానే తీసేసి, నా చేతులు రెండూ వెనక్కి కట్టుకునేదాన్ని. అదృష్టవశాత్తు వృద్ధులు చేతులు వెనక్కి కట్టుకుంటే ఎవరూ కారణం అడగరు.

ఆరు వారాలూ అయ్యాక, అక్వేరియంకు పోయే రోజు కారులో దారిపొడవునా మిన్ను చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని, అక్కడ ఏది తరువాత ఏదో చూపిస్తూ స్వప్న తయారుచేసిన ఫొటోల పుస్తకం తిరగేస్తూనే ఉంది. గేటు, చెప్పులు విడిచే చోటు, స్నానం, నిచ్చెన, చేపలు. అన్నీ వరుసగా ఉన్నాయి. తొట్టి దగ్గరికి తల్లిదండ్రులిద్దరినే రానిస్తారు. నేను అడ్డు అద్దానికి ఇవతల బెంచీ మీద కూర్చున్నాను. రానిచ్చినా నేనే వద్దనేదాన్ని, నా గొంతు మీద నాకు నమ్మకం లేక. నేర్పించే కుర్రవాడికి స్వప్న ముందే అంతా చెప్పింది. అతను మంచిగా తల ఊపాడు. మిన్ను మఫ్‌లు తీసి స్వప్నకిచ్చి నిచ్చెన మొదటి మెట్టు దిగింది, రెండో మెట్టు దిగింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. అద్దం పెట్టుకుంది.

అప్పుడే గోడ పక్కన గాలిమోటారేదో మొదలైంది. ఫొటోల పుస్తకంలో అది లేదు. నా చెవికి అది దోమంత కూడా కాదు, మిన్నుకు మాత్రం నిలువెల్లా తగిలింది. అద్దం లాగి పారేసి, చెవులు రెండూ మూసుకుని నిచ్చెనకు అతుక్కుపోయింది. స్వప్న వంగి దాని చెవి దగ్గర ఏదో చెబుతోంది. రవి తువ్వాళ్లు పట్టుకుని అవతలి మూల ఉన్నాడు. బయట తరువాతి జట్టు పిల్లలు వరుసలో నిలబడ్డారు. నేర్పించే కుర్రవాడు గడియారం చూసుకుని, స్వప్నకు వీపు తిప్పి, తన తోటివాడితో మాట్లాడాడు. అతని ముఖం నా వైపు ఉంది. మధ్యన మందపాటి అద్దం. మాట ఎవరికీ వినబడదు.

కాని నేను చదివాను. నేను చేతులు పట్టుకుంటా, నువ్వు నడుము పట్టుకో, ఒక్కసారి దింపేద్దాం, దిగాక అదే సర్దుకుంటుంది. హిందీలో అన్నాడు గాని, ఆ మాటకు భాష ఏముంది?

లేచాను. నోరు తెరిచాను. నా గొంతు సంగతి నాకు తెలుసు, పన్నెండు సాంచాల పక్కన పెరిగిన గొంతది, అద్దాన్ని కూడా లెక్కచేయదు. కాని ఆ అరుపు ముందు తగిలేది ఆ కుర్రవాడికి కాదు, మిన్నుకు. నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని ఊరుకుంటే ఇంకెవరో ఆ మణికట్లు పట్టుకుంటారు. అతను అప్పటికే వంగుతున్నాడు. బెంచీ ఎక్కాను. ఏ మోకాలితో ఎక్కానో ఇప్పటికీ తెలియదు. చీర కుచ్చిళ్లు ఒక పాదం కింద, ప్రాణం ఇంకో పాదం కింద. రెండు మణికట్లూ కలిపి తల మీదికెత్తి నిలబడ్డాను. వరుసలో ఉన్న పిల్లలందరూ చేపలను వదిలి నన్ను చూశారు. రవి చూడలేదు. స్వప్న చూడలేదు. మిన్ను చూసింది.

అది చెవుల మీది నుంచి చేతులు తీసింది. ఆ మోటారు మోగుతుండగానే. రెండు మణికట్లూ కలిపి పైకెత్తింది. అంత ఎత్తున లేచిన చేతులు రవికి కనబడ్డాయి. వాడూ నా వెంట కార్ఖానాలోనే పెరిగినవాడు, ఆ సైగకు ఒళ్లు ముందు కదులుతుంది, బుర్ర తరువాత. తువ్వాళ్లు నీళ్లలో పడేసి, ప్యాంటుతో సహా నిచ్చెన మీదికి దిగి, కుర్రవాడికీ మిన్నుకూ మధ్య నిలబడ్డాడు. "రుకో భాయ్. హాథ్ మత్ లగావో." చేయి వేయొద్దన్నాడు. పెద్దగా అనలేదు, పెదవులు కొంచెమే కదిలాయి. కుర్రవాడు ఏదో సమయం గురించి అన్నాడు. రవి గాలిమోటారు వైపు చూపించాడు. వాళ్లు కొంచెం వాదించుకున్నారు. చివరికి ఎవరో వెళ్లి దాన్ని ఆపారు. ఆ కుర్రవాణ్ని నేను తిట్టుకోలేదు. మా నాయిన కూడా చెడ్డవాడు కాదు.

స్వప్న కళ్లు తుడుచుకుని, "ఇంటికి వోదామా బేటా?" అన్నది. మిన్ను అడ్డంగా తల ఊపింది. రెండో మెట్టు మీద కూర్చుంది. అలాగే కూర్చుంది. నేను బెంచీ దిగలేదు, దిగితే ఏదో తెగిపోతుందనిపించింది. వరుసలోని ఒక తల్లి, "అమ్మాజీ, పడిపోతారు, దిగండి," అంటే వినబడనట్టు నటించాను. చెవిటితనానికి ఉన్న ఒకే ఒక సుఖం అది. ఎంతసేపయిందో, మిన్ను ఎవరినీ చూడకుండా మూడో మెట్టు మీదికి జారింది. అద్దం లేకుండానే. నాలుగో మెట్టు. నీళ్లు నడుము దాటాయి, భుజాలు దాటాయి, మెడ దగ్గర ఆగాయి. తల వంచి నీళ్లలోకి చూస్తోంది. పసుపుపచ్చ చారల చేపలు రెండు దాని మోకాళ్ల చుట్టూ తిరిగి వెళ్లాయి. ముఖం ముంచలేదు. ఈదలేదు. టిక్కెట్టు మీద రాసినదేదీ చేయలేదు. కొంతసేపటికి తనే మణికట్లు కలిపింది, రవి వెంటనే పైకి తీశాడు. కారులో నా ఒడిలో తడితల పెట్టుకుని, "నానమ్మా, చేపలు ఠండా ఉండవు తెలుసా? నీళ్లే ఠండా," అన్నది. ఇంకోసారి పోదామా అని రవి అడిగితే, సోచ్‌కే చెప్తా అన్నది, అంటే ఆలోచించుకుని.

ఇప్పుడు మిన్నుకు మేడమ్ ఉంది, ఫొటోల పుస్తకం ఉంది, సెలవు పెట్టగలిగిన అమ్మ ఉంది. సరళకు ఒక మంచం కింది చోటుండేది. ఆ రోజుల్లో మాకు తెలియదని నన్ను నేను చాలాసార్లు క్షమించుకోబోయాను. కాని తెలియకపోవడం పెద్దవాళ్లది. నాకు పెదవులు చదవడం వచ్చు.

మర్నాడు పొద్దున సరళకు ఫోన్ చేశాను. వానల గురించి, మోకాళ్ల గురించి అయ్యాక మిన్ను సంగతి ఎత్తాను. నిచ్చెన దాకా చెప్పాను, మోటారు మోగిన దాకా చెప్పాను. అవతల బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది.

"గప్పుడు ఎవలన్న పట్టుకున్నరా పిల్లను?" అన్నది సరళ.

"లే. ఎవ్వలు పట్టుకోలేదు. పట్టుకోబోయిండ్రు, ఆపినం. మెడ దాకా దానంతట అదే దిగింది." నా గొంతు నాకే తెలిసేంత మెల్లగా ఉంది. "సరళా, ఆనాడు నేను..."

"మొదటికెళ్లి చెప్పు అక్కా," అన్నది మధ్యలోనే. "గా పిల్ల ముచ్చట. జర నిమ్మళంగ చెప్పు."

మొదటి నుంచి చెప్పాను. గేటు, చెప్పులు, స్నానం, నిచ్చెన. మోటారు మోగింది. పిల్ల చేతులెత్తింది. ఎవ్వలు పట్టుకోలేదు అన్న చోటికి వచ్చేసరికి, "జర ఆగు," అన్నది సరళ.

ఆగాను.